కోరి తెచ్చుకున్న నొప్పి

ఆపరేషన్ జరిగిన తొమ్మిదో రోజు, ఇంకా తెల్లవారకముందే మెలకువ వచ్చింది. కరోనా రోజుల్లో కొన్న పల్స్ ఆక్సీమీటర్ మంచం పక్కనే ఉంటే వేలికి తగిలించుకుని చూశాను. గుండె వేగం 124. వేలు మార్చి మళ్లీ చూశాను. 126. పక్కగదిలో అమ్మ లేచిన అలికిడి అయింది. మిషన్ తీసి దిండు కిందకి తోసేసి కళ్లు మూసుకుని పడుకున్నాను.

పదహారేళ్లుగా ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఊళ్లోవాళ్ల లెక్కల్లో రూపాయి తేడా వచ్చినా పట్టుకునే మనిషిని. నా ఒంటి లెక్కలో తేడా వచ్చిందని తెలిసి కూడా ఒకటిన్నర రోజు ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదన్నది ఆ తర్వాత ఆసుపత్రిలో పడుకుని ఆలోచించడానికి బోలెడంత టైం దొరికింది.

2022 ఆగస్టులో హైదరాబాద్‌లో బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నాను. అప్పటికి నా వయసు 38, బరువు 112 కిలోలు, ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క, 45. షుగర్ వచ్చి ఎనిమిదేళ్లు. నిద్రలో ఊపిరి ఆగిపోతుంటే రాత్రిళ్లు సీపాప్ మిషన్ ముక్కుకి తగిలించుకుని పడుకునేదాన్ని. చేయని డైట్ లేదు. నూనెలు తాగే డైట్ మన దగ్గర ఊపేసిన ఏడాది అదీ చేశాను. 14 కిలోలు తగ్గాను, మరుసటి ఏడాదికి 19 పెరిగాను. స్లీవ్ అంటే కడుపుసంచిలో ఇంచుమించు ముప్పావు భాగం కోసి తీసేసి, మిగిలినదాన్ని అరటికాయలా సన్నటి గొట్టం చేసి స్టేప్లర్ పిన్నులతో మూసేయడం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోన్ ఎక్కువగా తయారయ్యేది కోసి పారేసే ఆ భాగంలోనే. అందుకే పట్టే తిండీ తగ్గుతుంది, ఆకలీ తగ్గుతుంది.

అమ్మకి మొదటినుంచీ ఇష్టం లేదు. "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుంటావుటే?" అంది. మా అత్తగారి వైపు వాళ్లకైతే అసలు సంగతి చెప్పనే లేదు. గాల్ బ్లాడర్‌లో రాళ్లు, చిన్న ఆపరేషన్ అన్నాం. ఈ అబద్ధాన్ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీనితో పని పడుతుంది.

మూడో రోజు డిశ్చార్జి చేశారు. ఐదో రోజు కారులో విజయవాడ వచ్చేశాం, 275 కిలోమీటర్లు. ఎనిమిదో రోజు ఎడమ భుజం పైన నొప్పి మొదలైంది. ఇక్కడే ఒక తిరకాసు ఉంది. లాప్రోస్కోపీ (చిన్న చిల్లుల్లోంచి చేసే ఆపరేషన్) చేసేటప్పుడు పొట్టలోకి గ్యాస్ ఎక్కిస్తారు. ఆ గ్యాస్ వల్ల మొదటి రెండు మూడు రోజులు భుజం నొప్పి రావడం మామూలే. తగ్గిపోయిన ఆ నొప్పి వారం తర్వాత కొత్తగా వస్తే మాత్రం మామూలు కాదు. కుట్టు వదిలి కడుపులోది బయటికి కారితే, అది ఊపిరితిత్తుల కింద ఉండే డయాఫ్రమ్‌ని ఒరుసుకుని నొప్పి భుజంలో తెలుస్తుంది. కారేది చాలామందికి ఆ గొట్టం పైకొసన, అన్నవాహిక కలిసేచోటే. అక్కడ రక్తప్రసారం తక్కువ, గొట్టంలో ఒత్తిడి ఎక్కువ. కడుపునొప్పి పెద్దగా లేకపోయినా గుండె వేగం 120 దాటిందంటే దాన్నే మొదటి హెచ్చరికగా తీసుకోవాలి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. నా డిశ్చార్జి కాగితాల్లో దీని గురించి ఇంగ్లిష్‌లో ఒక లైను ఉంది, "ఏదైనా ఇబ్బంది ఉంటే సంప్రదించండి" అని.

సంప్రదించాను కూడా, భుజం నొప్పి గురించి మాత్రమే. ఆపరేషన్‌కి ముందు రోజుకి మూడుసార్లు ఫోన్ చేసిన కోఆర్డినేటర్ అమ్మాయి ఈసారి రెండో ఫోన్‌కి ఎత్తింది. "గ్యాస్ మేడమ్, కొంచెం నడవండి," అంది. నడిచాను. హాల్లో గోడ పట్టుకుని నడుస్తుంటే అమ్మ చూస్తూ ఉంది. ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం కూడా లేదు, ఆ మాట నా తలలో నేనే అనుకుంటున్నాను కదా. కోరి తెచ్చుకున్నావు.

పదో రోజు సాయంత్రం జ్వరం 101కి వచ్చింది. దుప్పటి మార్చబోతే మా ఆయనకి దిండు కింద మిషన్ దొరికింది. ఆయనే నా వేలికి పెట్టి చూశారు. 138. ఒక్క మాట కూడా మాట్లాడకుండా కారు తాళాలు తీసుకున్నారు. రాత్రి మూడు గంటలకి హైదరాబాద్‌లో రంగు మందు తాగించి సీటీ స్కాన్ తీశారు. గొట్టం పైన చిన్న చిల్లు, దాని చుట్టూ చీము.

ఈ ఆపరేషన్లలో లీక్ నూటికి ఒకరికో ఇద్దరికో వస్తుంది. ఆ మాట సర్జన్ ముందే చెప్పారు, నేనూ విన్నాను, సంతకం పెట్టాను. లీక్ వచ్చినందుకు ఇవాళ్టికీ ఆయన మీద నాకు కోపం లేదు. నా కోపం వేరే చోట ఉంది.

చీము బయటికి తీయడానికి పొట్టలోకి డ్రెయిన్ గొట్టం వేశారు. చిల్లుని లోపలినుంచి కప్పడానికి ఎండోస్కోపీతో స్టెంట్ అనే గొట్టం పెట్టారు. ముక్కులోంచి పేగుదాకా సన్నటి ట్యూబ్ వేసి పంపుతో పాలలాంటి ద్రవం ఎక్కించారు, గంటకి ఇన్ని మిల్లీలీటర్లని. నోటితో చుక్క నీళ్లు కూడా లేకుండా 44 రోజులు.

ఆ 44 రోజుల గురించి ఎవరూ రాయరెందుకో. కడుపులో ఆకలి లేదు. అది కోసేశారు. కానీ తలలో ఆకలిని ఎవరూ కోయలేదు. పొద్దున పదకొండింటికి ఆసుపత్రి క్యాంటీన్‌లో తాలింపు వేసేవాళ్లు. ఇంగువ, ఎండుమిర్చి వాసన లిఫ్ట్ దారిన నాలుగో అంతస్తుకి వచ్చేది. నేను ఆ టైంకి ఎదురుచూసేదాన్ని, అదే టైంకి ఏడ్చేదాన్ని. ఫోన్‌లో వంటల వీడియోలు చూసేదాన్ని. గోంగూర పచ్చడి నూరే వీడియో ఒకటి ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. పెదాలు ఎండిపోతే తడి దూది అద్దేవాళ్లు. ఒకసారి ఆ దూదిని చప్పరించాను. సిస్టర్ చూసి చూడనట్టు ఊరుకుంది. స్టెంట్ వల్ల రోజంతా గుండెలో మంట, డోకులు. పంపు అడ్డుపడ్డప్పుడల్లా కీచుకీచుమని అరుస్తుంది, రాత్రి రెండింటికైనా సరే. డ్రెయిన్ సంచి పట్టుకుని వరండాలో నడుస్తుంటే ఎదురయ్యే విజిటర్లు "ఏం ఆపరేషనమ్మా?" అని అడిగేవాళ్లు. "పేగుకి సంబంధించింది" అనేదాన్ని. అక్కడ కూడా అబద్ధమే.

అమ్మ వచ్చి నాతోనే ఉంది. డ్రెయిన్ దగ్గర గుడ్డ ఎలా మార్చాలో సిస్టర్ దగ్గర నేర్చుకుని తనే మార్చేది. ఒకరోజు ఆ పని చేస్తూ తల ఎత్తకుండా అడిగింది: "నా నోటికి భయపడేనా ఆ మిషన్ దాచావు?" కాదన్నాను. గుడ్డ మడత పెట్టి, ప్లాస్టర్ వేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్లింది. బాత్రూంలో చాలాసేపు నీళ్ల చప్పుడు వినపడింది.

స్టెంట్ తీశాక మందు కొలిచే కప్పుతో 30 మిల్లీలీటర్ల నీళ్లు ఇచ్చారు. పదిహేను నిమిషాలు పట్టింది తాగడానికి. అంత రుచిగల నీళ్లు మళ్లీ ఎక్కడా తాగలేదు. ఇంటికొచ్చాక మజ్జిగ తేట, పెసరకట్టు, పల్చటి రాగి జావ మొదలుపెట్టాం. రెండు వారాలు బాగానే గడిచాయి. తర్వాత వాంతులు. తిన్నది కాదు, తెల్లటి నురగ వచ్చేది. అప్పుడేం చేశానో చెబితే నవ్వుతారు. బాత్రూంలో కుళాయి పెద్దగా తిప్పి వాంతి చేసుకునేదాన్ని, బయటికి వినపడకుండా. ఒకసారి చావు అంచుదాకా వెళ్లొచ్చాక కూడా బుద్ధి రాలేదు. ఇంత ఖర్చు పెట్టించాను, ఇంతమందిని తిప్పాను, ఇంకా ఏ మొహంతో చెప్పను అనుకున్నాను. అలా మూడు వారాలు.

మూడో వారం చివర అరికాళ్లు మంటలెత్తాయి. నడుస్తుంటే తూలు. లెడ్జర్‌లో అంకెలు రెండేసిగా కనపడ్డాయి. విజయవాడలోనే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్లారు. నీరసం అనుకుని సిస్టర్ గ్లూకోజ్ సీసా తెచ్చి తగిలించబోయింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మాయి, పాతికేళ్లు కూడా ఉండవేమో, నా కళ్లలోకి టార్చి వేసి చూసి, వేలిని అటూ ఇటూ తిప్పి, "ఆగండి, సీసా పెట్టకండి. ముందు థయమిన్ ఇంజెక్షన్," అంది. ఆ పిల్ల మా ఇంట్లో ఏ శుభకార్యం జరిగినా మొదటి పిలుపు అందుకుంటుంది.

థయమిన్ అంటే బీ1 విటమిన్. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకి మించి ఉండదు. ఆగకుండా వాంతులవుతుంటే అది అయిపోతుంది. అయిపోయాక కళ్లు, నడక, ఆఖరికి జ్ఞాపకశక్తి దెబ్బతింటాయి. బీ1 లేని ఒంట్లోకి గ్లూకోజ్ ముందుగా ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి ఇంకా ముదురుతుంది. ఈ విటమిన్ లోపానికి ఇంకో రూపమే బెరిబెరి. ఆ పేరు చదివినప్పుడు ఉలిక్కిపడ్డాను, ఎందుకంటే అది ఒకప్పుడు మన కోస్తా జబ్బు. ఉత్తర సర్కారు జిల్లాల్లో సిపాయిలకి కాళ్లు పడిపోవడం గురించి 19వ శతాబ్దంలోనే సైనిక వైద్యులు రాసిపెట్టారు, కారణం తెలియకుండానే. తవుడు లేకుండా తెల్లగా చేసిన పచ్చిబియ్యం తినడం వల్ల వచ్చిందది. ఉప్పుడు బియ్యం తినే దక్షిణాదివాళ్లకి పెద్దగా రాలేదు, వడ్లు ఉడకబెట్టినప్పుడు బీ1 గింజలోపలికి దిగి నిలబడుతుంది కాబట్టి. మా పెద్దల కాళ్లని పడగొట్టిన జబ్బు, అన్నమే పట్టని నా కడుపుని వెతుక్కుంటూ వచ్చింది.

వాంతులకి కారణం గొట్టం మధ్యలో సన్నబడటం. బెలూన్‌తో రెండుసార్లు వెడల్పు చేశారు. అరికాళ్ల మంట తగ్గడానికి ఐదు నెలలు పట్టింది. జుట్టు మూడొంతులు ఊడింది. తిరుపతి వెళ్లొచ్చావా అని ఆఫీసులో అడిగారు, అవునన్నాను.

ఇప్పుడు ఆ గాల్ బ్లాడర్ అబద్ధం దగ్గరికి వస్తాను. 2023 చివర్లో నాకు నిజంగానే గాల్ బ్లాడర్‌లో రాళ్లు తేలాయి. వేగంగా బరువు తగ్గేవాళ్లకి అది తరచూ జరిగేదే. రాకుండా ఆరు నెలలు వేసుకోమని మాత్రలిస్తారు. వాంతుల గోలలో నేను సరిగ్గా వేసుకోలేదు. మళ్లీ అదే పొట్ట, మళ్లీ అవే చిన్న చిల్లులు, రెండు రోజులు ఆసుపత్రి. ఈసారి దాచాల్సింది ఏమీ లేదు. అత్తగారి వైపు నుంచి పదకొండు మంది వచ్చారు. బత్తాయిలు, హార్లిక్స్, కొబ్బరిబొండాలు. మా ఆడపడుచు రెండు రాత్రులు నా దగ్గరే పడుకుంది. "పాపం, ఎంత నొప్పి భరించిందో పిల్ల" అని మా అత్తగారు నా తల నిమిరారు. నిజం చెబుతున్నాను, ఆ ఆపరేషన్‌లో నొప్పి చీమ కుట్టినంత. 44 రోజులు నీళ్లు లేకుండా పడుకున్నప్పుడు రాని బత్తాయిలు ఇప్పుడు వచ్చాయి.

అప్పుడు అర్థమైంది. మనవాళ్లు నొప్పిని చూసి జాలిపడరు, ముందు అది ఎలా వచ్చిందో చూస్తారు. దేవుడిచ్చిన నొప్పికి బత్తాయిలు, మనం తెచ్చుకున్న నొప్పికి మాటలు. మా పెదనాన్నగారు తర్వాత ఎప్పుడో నిజం తెలిశాక "కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే" అన్నారు. ఆయన రోజుకి రెండు పెట్టెలు సిగరెట్లు తాగి 2016లో గుండెకి బైపాస్ చేయించుకున్నారు. అప్పుడు ఊరంతా కదిలి వెళ్లి చూసొచ్చాం.

ఈ మాటల వల్ల మనసు నొచ్చుకోవడం ఒక్కటే అయితే ఇంత రాయను. మేం మొండివాళ్లమే, పడతాం. ఈ మాటకి భయపడి మనిషి లక్షణాలు దాస్తాడు, నా గొడవ అదీ. లీక్‌లో ప్రతి గంటా లెక్కే. తొమ్మిదో రోజు పొద్దున్నే వెళ్లి ఉంటే చీము అంత పేరుకునేది కాదని సర్జన్ తర్వాత చెప్పారు. నాకు లీక్ పెట్టింది విధి అనుకుందాం. ఆ ఒకటిన్నర రోజు పెట్టింది మాత్రం సిగ్గు.

"నువ్వే ఒప్పుకుని చేయించుకున్నావు కదా, బాధ్యత నీది కాదా?" అని నన్ను ఎదురుగానే అడిగినవాళ్లున్నారు. నాదే. సంతకం నాది, డబ్బు నాది, కడుపు నాది. ప్రమాదం ఉందని ఒప్పుకున్నాను. నొప్పి వస్తే మూలగనని మాత్రం ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.

ఆసుపత్రులు ఈ సిగ్గుని తగ్గించడానికి ఏమైనా చేస్తాయా అంటే, తెలియకుండానే ఇంకాస్త పెంచుతాయి. హోర్డింగుల నిండా ముందు ఫొటో, తర్వాత ఫొటో. మధ్యలో ఏమీ జరగనట్టు. "మూడు రోజుల్లో ఇంటికి" అని పెద్ద అక్షరాలు. అంత సులువైనదాంట్లో నాకే ఇలా అయిందంటే తప్పు నాలోనే ఉందేమో అనిపించదా? ఏడాది తర్వాత అదే ఆసుపత్రివాళ్లు పేషెంట్ల మీటింగ్‌కి పిలిచి నా అనుభవం చెప్పమన్నారు. లీక్ సంగతి మాత్రం వద్దన్నారు, కొత్తవాళ్లు భయపడతారట. మైకు తిరిగిచ్చేసి వచ్చి కూర్చున్నాను.

డబ్బు గురించి క్లుప్తంగా. ప్యాకేజీ అన్నది మొదటి మూడు రోజులకే. ఆ తర్వాతదంతా విడి బిల్లు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన నిబంధన ప్రకారం, బీఎంఐ 40 ఉంటే, లేదా 35 ఉండి అదుపులో లేని షుగర్, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగడం) లాంటి జబ్బు ఉంటే, వేరే మార్గాలు పనిచేయకపోతే, ఈ ఆపరేషన్‌ని బీమాలోంచి మినహాయించకూడదు. మన దేశంలో సర్జన్లేమో అంతకంటే తక్కువ బీఎంఐ చాలంటారు, మన ఒంటితీరుకి అంతకే షుగర్, గుండెజబ్బులు వస్తాయి కాబట్టి. ఈ రెండు లెక్కల మధ్యలో పడ్డవాళ్లు సొంత డబ్బు పెట్టుకోవాల్సిందే. నాది 45, అయినా రెండోసారి చేరినప్పుడు కంపెనీ నుంచి ఎన్నో ప్రశ్నలొచ్చాయి. చివరికి సగం పైన ఇచ్చారు. మిగతాదానికి గాజులు పోయాయి.

"బాధపడుతున్నావా చేయించుకున్నందుకు?" అని ఇప్పటికీ అడుగుతారు. అవునంటే "మేం చెప్పాంగా" అనడానికి, కాదంటే "మరి ఏడుపెందుకు" అనడానికి రెడీగా ఉంటారు. నా బరువు ఇప్పుడు 71. షుగర్ మాత్రలు లేవు. సీపాప్ మిషన్ అటక మీద ఉంది. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి దశాబ్దాలపాటు గమనించిన అధ్యయనం ఒకటుంది. ఆపరేషన్ అయినవాళ్లు, అలాంటి ఒళ్లే ఉండి ఆపరేషన్ చేయించుకోనివాళ్లకంటే మూడేళ్లు ఎక్కువ బతికారని 2020లో తేల్చారు. అయితే మామూలు జనంకంటే ఐదున్నరేళ్లు తక్కువే. అందులో ఎక్కువమందికి చేసినవి స్లీవ్ కాదు, పాతరకం ఆపరేషన్లు. ఇవన్నీ చదివాక కూడా నేను చేయించుకునేదాన్నే. కాకపోతే ఈసారి రెండు వారాలు హైదరాబాద్‌లోనే గది తీసుకుని ఉండేదాన్ని. ఏ అంకె దాటితే పరిగెత్తాలో తెలుగులో రాయించి ఫ్రిజ్ మీద అంటించేదాన్ని. అర్ధరాత్రి డాక్టర్ ఎత్తే నంబర్ ఇవ్వనిదే అడ్వాన్స్ కట్టేదాన్ని కాదు. అన్నిటికంటే ముందు అమ్మని సర్జన్ ఎదురుగా కూర్చోబెట్టి ఆవిడ అడగాలనుకున్నవన్నీ అడగనిచ్చేదాన్ని.

2025లో బరువు తగ్గించే మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు మన మార్కెట్‌లోకి వచ్చాక "ఆగి ఉంటే సరిపోయేది" అనే కొత్త సానుభూతి మొదలైంది. ఆ ఇంజెక్షన్ వాడుతున్న మా ఆఫీసు అబ్బాయి సంగతి నాకు తెలుసు. టిఫిన్ బాక్స్ వెనక దాచి ఫ్రిజ్‌లో పెట్టుకుంటాడు.

మనసు సంగతి ఒకటి మిగిలింది. మొదటి ఏడాది చాలా రాత్రులు, ఎందుకు బతికానా అనిపించేది. ఈ ఆపరేషన్ తర్వాత కొందరిలో అలాంటి ఆలోచనలు, ప్రయత్నాలు పెరుగుతాయని చాలా దేశాల్లో గమనించారట. నాకది తెలియక నేనొక్కదాన్నే కృతఘ్నురాలిని అనుకున్నాను. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లి ఏడు నెలలు మందులు వాడాను. వెళ్లలేనివాళ్లు 14416కి చేయొచ్చు, అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబర్, తెలుగులో మాట్లాడతారు.

మా డైటీషియన్ అప్పుడప్పుడు నా నంబర్ ఎవరికో ఒకరికి ఇస్తూ ఉంటుంది, నన్ను అడిగే. పోయిన నెలలో ఒక రాత్రి పదకొండున్నరకి ఫోన్ వచ్చింది. ఇరవై ఆరేళ్ల అబ్బాయి, ఆపరేషన్ అయి ఎనిమిది రోజులు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అక్కా, ఎడమ భుజం లాగుతోంది. గ్యాస్ అంటున్నారు."

"పల్స్ ఎంత ఉంది నాన్నా?"

"నూట ఇరవై రెండు."

"సర్జన్‌కి చేశావా?"

"పొద్దున చేద్దామని..."

"ఇంట్లో ఎవరున్నారు?"

"నాన్న. ఆయనకి అసలు ఈ ఆపరేషనే ఇష్టం లేదక్కా. హాల్లో పడుకున్నారు."

"లేపు," అన్నాను. "ఫోన్ పెట్టేయకుండా వెళ్లి లేపు."